పెన్న చేరే తీరానికి నాలుగు రోజులు

హలాల్ పాటించే కుటుంబాలకు నెల్లూరు కడలి అందుబాటులోనే

ఎర్రగుంట్ల: సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, నాపరాళ్ల కోత మిషన్ల రొద, ఆర్టీపీపీ పొగగొట్టాలు. ఎర్రగుంట్ల వాసులకు ఏడాది పొడుగునా కనిపించేవి, వినిపించేవి ఇవే. ఎండాకాలం వస్తే నాపబండ మీద కాలు మోపలేరు. ఇలాంటి చోట బతికేవారికి ఏడాదికి ఒక్కసారైనా చల్లగాలి పీల్చుకోవాలని, కంటినిండా నీళ్లు చూడాలని అనిపించడం సహజం.

కడప జిల్లాకు సముద్రం లేదు. అయితే జిల్లాలో పారే పెన్నకు ఉంది. గండికోట లోయ దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల పక్కగా సాగి, సోమశిల మీదుగా నెల్లూరు చేరి, ఊటుకూరు దగ్గర పెన్న బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీరానికి ఎర్రగుంట్ల నుంచి రోడ్డు మీద ఒక పూట ప్రయాణమే.

ఇంత దగ్గరగా ఉన్నా, ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో సముద్రం చూడని ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కువైట్‌లో సముద్రం ఒడ్డున కొడుకు పనిచేస్తుంటాడు. ఇక్కడ తల్లి మాత్రం పెళ్లిళ్లకు, ఉర్సులకు తప్ప గడప దాటి ఉండదు. ఖర్చు ఒక్కటే ఇందుకు కారణం కాదు. ‘ఆడికి పోయి ఏం తినేది? నమాజు యాడ చేసుకునేది? ఆడబిడ్డలను నలుగురిలో నీళ్లలోకి ఎట్ల దింపేది?’ అన్న మూడు ప్రశ్నల దగ్గరే చాలా ప్రయాణాలు ఆగిపోతాయి.

టర్కీ వంటి దేశాల్లో ఈ ప్రశ్నలకు జవాబుగా ప్రత్యేక హోటళ్లే వెలిశాయి. ఆడవాళ్లకు వేరే ఈతకొలనులు, వేరే తీరాలు ఉంటాయి. ఆ ఖర్చు మనవారికి అందేది కాదు. అంత అవసరమూ లేదు. కాస్త ముందుచూపు ఉంటే మూడు ప్రశ్నలకూ మన తీరంలోనే జవాబు దొరుకుతుంది.

చేప ఉండగా చింత ఏల?

తిండి సంగతే మొదట చూద్దాం. కోడి, మేక, పొట్టేలు అయితే కోసింది ఎవరు, ఎలా కోశారు అని విచారించాలి. చేపకు ఆ విచారణ లేదు. దానికి జబహ్ అక్కరలేదన్నది ముస్లిం ధర్మశాస్త్రంలో అన్ని పక్షాల వారూ ఒప్పుకున్న మాట. అంటే హలాల్ పాటించేవారికి తిండి ఇబ్బంది తక్కువగా ఉండేది సముద్రతీరంలోనే. పుల్లమామిడి ముక్కలు వేసి వండే నెల్లూరు చేపల పులుసు రుచి వేరే చెప్పాల్సిన పని లేదు. వంజరం, చందువ వంటి సముద్రపు చేపలు ఎర్రగుంట్లలో కన్నా అక్కడ తాజాగా దొరుకుతాయి.

చేప కాని వాటి విషయంలో మాత్రం తేడాలున్నాయి. రాయలసీమ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం సముద్రజీవాల్లో చేప ఒక్కటే హలాల్. పీత తినరు. రొయ్య చేపల్లో చేరుతుందా లేదా అన్న విషయంలో హనఫీ ఉలేమాల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. తమిళనాడు తీరంలో షాఫయీ మజ్‌హబ్ వారు రొయ్య, పీత రెండూ తింటారు. అందుచేత హోటల్‌లో విస్తరి ముందు కూర్చుని వాదించుకోవడం కన్నా, బయలుదేరే ముందే తమ మసీదు ఇమాం సాహెబును అడిగి తేల్చుకోవడం మేలు.

హోటల్‌వారిని అడగాల్సినవి రెండే. చేప వేయించే నూనెలో వేరే మాంసం కూడా వేయిస్తున్నారా? గరిటెలు, పెనాలు వేరుగా ఉన్నాయా? జవాబు సరిగా రాకపోతే శాకాహార హోటల్ ఉండనే ఉంది. కారులో వెళ్లేవారు వంటగది ఉన్న అద్దె ఇల్లు చూసుకుంటే పేచీయే ఉండదు. రైలులో వెళ్లేవారు మాత్రం గ్యాస్ స్టవ్ వెంట తీసుకుపోరాదు. అది రైల్వే నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం కూడా.

వుజూకు సముద్రపు నీరు చాలు

నమాజు విషయంలో ప్రయాణికుడికి వెసులుబాటు ఉంది. హనఫీ లెక్కలో సుమారు 77 కిలోమీటర్లు దాటి వెళుతూ, ఒకచోట 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు జొహర్, అసర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చదువుతారు. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాం వెనుక జమాత్‌లో నిలబడితే మాత్రం నాలుగూ చదవాలి. నెల్లూరు ప్రయాణానికి ఈ వెసులుబాటు వర్తిస్తుంది.

ఉప్పునీటితో వుజూ చెల్లదేమోనన్న అనుమానం కొందరికి ఉంది. సముద్రపు నీరు శుద్ధమైనదేనని హదీసు స్పష్టంగా చెబుతోంది. మన తీరంలో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. ఒక చాప, నీళ్ల సీసా వెంట ఉంటే చాలు.

మైపాడు నుంచి నేలపట్టు దాకా

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు రెండు వందల కిలోమీటర్ల లోపే. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. రైలులో అయితే రేణిగుంటలో దిగి గూడూరు వైపు బండి మారాలి.

నెల్లూరులో బస చేసి, సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు తీరానికి పొద్దున్నే వెళ్లిరావచ్చు. ఆదివారం, పండుగ రోజులు వదిలేసి మామూలు రోజున ఫజర్ కాగానే వెళితే జనం పలుచగా ఉంటారు. ఆడవాళ్లకు ఇబ్బంది ఉండదు. సూర్యుడు నీళ్లలోంచి లేచే దృశ్యమూ అప్పుడే. ఒక్క జాగ్రత్త మరువరాదు. తడిసిన బురఖా, చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. మోకాలి లోతు దాటి పోరాదు. పిల్లల చేయి వదలరాదు.

రెండు రోజులు మైపాడు చాలు. మిగతా రెండు రోజులు పక్షులకు కేటాయించడం మంచిది. చెన్నై రహదారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. 1976లో ఏర్పడింది. అక్కడి చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. ఆ చెట్ల పేరు కడప చెట్లు కావడం మన జిల్లావారికి తమాషాగా ఉంటుంది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. అందుకే చుట్టుపక్కల రైతులు ఆ పక్షుల జోలికి పోరు, ఇతరులను పోనివ్వరు.

అక్కడికి సుమారు 20 కిలోమీటర్లలో సూళ్లూరుపేట. దేశంలో చిలికా తర్వాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు పులికాట్ దీని పక్కనే ఉంది. శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఆ రోడ్డు పక్కన నిలబడితే లోతులేని నీళ్లలో రాజహంసలని పిలిచే ఫ్లెమింగోలు బారులు తీరి మేత వెతుక్కోవడం కనిపిస్తుంది. రాకెట్ కేంద్రం లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు. కేకలు వేసి, రాళ్లు విసిరి పక్షులను లేపడం తగదు. దూరం నుంచి ఓపికగా చూడటమే అక్కడి వినోదం.

ఎప్పుడు వెళ్లాలి?

వేసవి సెలవులు అనుకూలమని తోచవచ్చు. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం. తాజా చేప తగ్గుతుంది. పక్షులూ అప్పటికి చాలావరకు వెళ్లిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. కనుక సంక్రాంతి సెలవులు మొదలు ఫిబ్రవరి దాకా మంచి కాలం. జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో రద్దీ ఎక్కువ. ప్రశాంతత కోరేవారు ఆ రోజులు తప్పించుకోవాలి. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరిలో పడుతోంది కనుక క్యాలెండర్ చూసుకోవాలి. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహర్రంలో వస్తుంది. ఆ రోజుల్లో నెల్లూరులో గది దొరకడమే కష్టం. మొక్కు తీర్చుకునేవారికి అది వేళ, విశ్రాంతికి వెళ్లేవారికి కాదు.

తీరంలో ఆడవాళ్లు బట్టలు మార్చుకునేందుకు చాటైన గదులు, కాళ్లు కడుక్కోవడానికి మంచినీటి కుళాయిలు, తగిన మరుగుదొడ్లు పర్యాటక శాఖవారు ఎక్కడికక్కడ చూసుకుంటే ఒక్క ముస్లింలకే కాదు, ప్రతి ఇంటి ఆడబిడ్డకూ మేలు చేసినవారవుతారు. ఉర్దూ మాట్లాడే ఇల్లయినా, తెలుగే ఇంటి భాషగా ఉన్న నూర్‌బాషాల ఇల్లయినా, తల్లిని, అత్తను వెంటబెట్టుకుని వెళ్లదలచినవారు అడగాల్సిన మాటలు నాలుగు ఇంట్లోనే అడిగి తేల్చుకుంటే, మిగిలేది బస్సు టిక్కెట్టు తీసుకోవడమే.