విద్యార్థి వీసా: కిటికీ ముందు మాట, ఇంట్లో లెక్క

పదహారేళ్ల చదువు ఒక ఎత్తు, కాన్సులేట్ కిటికీ ముందు నిలబడే నాలుగు నిమిషాలు ఒక ఎత్తు. అమెరికాలో ఎం.ఎస్. చదవాలని బయలుదేరే ప్రతి విద్యార్థి ఇంటా వినిపించే మాట ఇది. లోపలికి విద్యార్థి ఒక్కడే వెళతాడు. వెలుపల రోడ్డు పక్కన తల్లిదండ్రులు నిరీక్షిస్తారు. బయటకు వచ్చే బిడ్డ నోరు విప్పకముందే ముఖం చూసి ఫలితం గ్రహిస్తారు. ఆ కిటికీకి వెళ్లేముందు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయడం తెలుగునాట ఆనవాయితీగా మారిపోయింది.

ఒకప్పుడు ఈ పరీక్షకు మద్రాసు వెళ్లవలసి వచ్చేది. రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున దిగి, ఫైలు చంకన పెట్టుకుని వరుసలో నిలబడిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. 2008 అక్టోబరులో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం అక్కడ వీసాల జారీ మొదలైంది. 2023 మార్చిలో కార్యాలయం నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి తరలింది. దూరం తగ్గింది గాని ఆందోళన తగ్గలేదు. విద్యార్థుల సంఖ్య మాత్రం పెరుగుతూ వచ్చింది. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. 2009 తర్వాత మొదటిసారిగా భారత్ చైనాను దాటి ప్రథమ స్థానానికి చేరింది ఆ సంవత్సరమే.

చట్టం ఏమంటున్నది?

వీసా నిరాకరణ పొందిన విద్యార్థి చేతికి వచ్చే కాగితంపై సాధారణంగా కనిపించేది 214(బి) అనే అంకె. ఇది 1952లో అమెరికా చేసిన వలసలు, జాతీయతల చట్టంలోని సెక్షన్. దాని సారాంశం ఏమిటంటే, తాత్కాలికంగా వస్తానంటున్న దరఖాస్తుదారును కూడా స్థిరపడేందుకు వస్తున్నవానిగానే ముందుగా భావించాలి. కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. న్యాయస్థానంలో నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషి. ఇక్కడ వరుస తిరగబడింది. చదువు కోసమే వెళుతున్నానని, చదివేందుకు తగిన డబ్బు ఉన్నదని, స్వదేశంతో బంధం తెంచుకోవడం లేదని విద్యార్థి ఆ కొద్ది నిమిషాల్లో అధికారికి నమ్మకం కలిగించాలి. నిరాకరణపై అప్పీలు లేదు. చెల్లించిన రుసుము తిరిగి రాదు. అయితే పరిస్థితి మారితే, లేదా ముందుసారి సరిగా చెప్పలేకపోయిన విషయం చెప్పగలిగితే, కొత్తగా రుసుము చెల్లించి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

కిటికీ వరకు వెళ్లడానికి ముందు మరికొన్ని మెట్లున్నాయి. విశ్వవిద్యాలయం సీటు ఇచ్చి, ఐ-20 అనే పత్రం పంపాలి. అందులో మొదటి సంవత్సరానికి ఫీజు, వసతి, భోజనం కలిపి ఎంత ఖర్చవుతుందో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసి ఉంటుంది. విద్యార్థుల వివరాలను నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు చెల్లించవలసిన రుసుమును 2019లో 200 డాలర్ల నుంచి 350 డాలర్లకు పెంచారు. వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్‌లో 160 నుంచి 185 డాలర్లకు పెరిగింది. 2025 మే చివరలో కొత్త విద్యార్థి ఇంటర్వ్యూల కేటాయింపును అమెరికా నిలిపివేసి, జూన్‌లో పునరుద్ధరించింది. అప్పటి నుంచి దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలించడం ఈ ప్రక్రియలో భాగమైంది. ఆగస్టులో తరగతులు మొదలయ్యే విద్యార్థులకు ఆ మూడు వారాల విరామం ఎంత కలవరం కలిగించిందో చెప్పనక్కరలేదు.

రూపాయి లెక్క

కిటికీ ముందు అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనది డబ్బు గురించే. ఒక విద్యార్థి ఐ-20లో ఏడాది ఖర్చు 40,000 డాలర్లని ఉన్నదనుకుందాం. 1993లో డాలరు విలువ సుమారు 31 రూపాయలు. ఆ లెక్కన 12 లక్షల 40 వేలు. 2022 అక్టోబరులో డాలరు 83 రూపాయలు తాకింది. అదే ఖర్చు 33 లక్షలు దాటింది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినప్పుడు అది 36 లక్షలయింది. ఫీజు ఒక్క డాలరు కూడా పెరగకపోయినా తండ్రి అప్పు పెరుగుతుంది. విదేశీ మారకద్రవ్యం పంపడంపై ఆంక్షలు సడలిన మాట నిజమే. రిజర్వ్ బ్యాంకు 2004లో 25 వేల డాలర్ల పరిమితితో మొదలుపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం 2015 నాటికి ఏటా 2,50,000 డాలర్లకు విస్తరించింది. డబ్బు పంపేందుకు అనుమతి సులభమైంది. పంపవలసిన డబ్బు పుట్టడమే కష్టం.

బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన విద్యారుణ పథకం మధ్యతరగతికి ఒక దారి చూపింది. అయితే ఏడున్నర లక్షలు మించిన రుణానికి ఆస్తి హామీ కావాలి. ఇక్కడ రైతు కుటుంబానికి ఒక చిక్కున్నది. బకాయి వసూలుకు బ్యాంకులకు అధికారమిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుచేత బ్యాంకులు ఇంటిని, ఇళ్ల స్థలాన్ని హామీగా కోరినంత సుముఖంగా పొలాన్ని అంగీకరించవు. పొలం తప్ప మరో ఆస్తి లేనివారు దానిలో కొంత అమ్మాలి, లేదా అధిక వడ్డీకి ప్రైవేటు అప్పు తేవాలి. కొడుకు చదువుకు ఎకరం, కూతురు చదువుకు మరో ఎకరం కరిగిపోయిన ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనూ, ఖమ్మం, నల్లగొండల్లోనూ కనిపిస్తాయి.

రెండు లెక్కల నడుమ దళారి

అసలు వైరుధ్యం ఇక్కడే ఉన్నది. అప్పు డాలర్లలో సంపాదించి తీర్చవచ్చునన్నది ఇంట్లో వేసుకునే లెక్క. చదువు ముగించి తిరిగి వస్తానన్నది కిటికీ ముందు చెప్పవలసిన మాట. చదువు తర్వాత ఒక సంవత్సరం, విజ్ఞాన, సాంకేతిక కోర్సులవారికి 2016 నిబంధన ప్రకారం మరో రెండేళ్లు శిక్షణ రూపంలో పనిచేయడానికి చట్టమే అవకాశం కల్పించింది. ఆ తర్వాత హెచ్-1బి వీసా కావాలంటే ఏటా 85 వేల పరిమితికి లోబడి అదృష్టం పరీక్షించుకోవాలి. అంటే మొదటి మూడేళ్ల సంపాదనతో తీరని అప్పు లాటరీపై ఆధారపడిన అప్పన్నమాట.

ఈ రెండు లెక్కల నడుమ ఖాళీలోనే దళారి దుకాణం తెరుస్తాడు. కమీషన్ తీసుకుని కొద్దిరోజులపాటు ఖాతాలో పెద్ద మొత్తం నిలిపి చూపిస్తానంటాడు. లేని ఆస్తికి విలువ పత్రం తెస్తానంటాడు. మార్కుల జాబితా, అనుభవ పత్రం కూడా దొరుకుతాయంటాడు. విద్యార్థికి మాటలు కంఠస్థం చేయిస్తాడు. ఇంట్లోవారు ఇదంతా మామూలేననుకుంటారు. కాని అమెరికా చట్టంలో తగినంత రుజువు చూపలేకపోవడం వేరు, తప్పుడు రుజువు చూపడం వేరు. మొదటిదానికి శిక్ష ఆ పూటకు నిరాకరణ మాత్రమే. రెండవది, కీలకమైన విషయంలో అబద్ధమాడినట్లు తేలితే, జీవితాంతం వెన్నాడే అనర్హత. దాని నుంచి మినహాయింపు పొందడం అతి కష్టం. 214(బి) కింద తిరిగి వచ్చిన విద్యార్థి మరుసటి సెమిస్టరుకు ప్రయత్నించవచ్చు. నకిలీ కాగితంతో పట్టుబడినవాడికి ఆ మరుసటి సెమిస్టరు లేదు. కమీషన్ తీసుకున్న దళారి పేరు ఆ దస్త్రంలో ఎక్కడా ఉండదు, సంతకం విద్యార్థిదే.

వీసా వచ్చినా ముప్పు తప్పదు

వీసా చేతికందితే గండం గడిచినట్లేనన్న భావన కూడా సరికాదు. అది విమానాశ్రయం వరకు వెళ్లే హక్కు మాత్రమే. దేశంలోకి ప్రవేశం కల్పించేది అక్కడి అధికారి. పైగా వీసా ఉన్నంత మాత్రాన చేరిన విద్యాసంస్థ మంచిదని భరోసా లేదు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అధికారులు దాడిచేసి మూయించారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో. కొందరి కాలికి కదలికలు కనిపెట్టే రేడియో పరికరాలు తగిలించడం మన దేశంలో తీవ్ర నిరసనకు దారితీసింది. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమైతే అక్రమాలను పట్టుకునేందుకు ప్రభుత్వాధికారులే సృష్టించిన బూటకపు సంస్థ. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. తరగతులే లేని చదువును ప్రశ్నించకుండా ఫీజు కట్టినందుకు వారు చెల్లించిన మూల్యమిది.

అమెరికాతో విసిగి ఇతర దేశాలవైపు చూసినవారికీ మెట్లు ఎత్తుగానే ఎదురయ్యాయి. 2024 జనవరి నుంచి కెనడా విద్యార్థి చూపవలసిన జీవన వ్యయాన్ని 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు పెంచింది. అదే నెలలో బ్రిటన్, పరిశోధన కోర్సులు మినహా, విద్యార్థులు కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలును తొలగించింది. అదే సంవత్సరం జులైలో ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుమును 710 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 1,600కు పెంచింది. ఏ దేశమైనా అడుగుతున్నది ఒక్కటే: నీ చదువుకు డబ్బు నిజంగా ఉన్నదా?

ఆ ప్రశ్న పరాయి దేశపు అధికారి వేసేలోగా ఇంట్లోనే వేసుకోవడం మేలు. ఈ కోర్సు ఎందుకు, ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఉద్యోగం రాకపోతే, లాటరీ తగలకపోతే అప్పు ఎలా తీరుతుంది అనే ప్రశ్నలకు తల్లిదండ్రులూ బిడ్డా కలిసి సమాధానం చెప్పుకోగలిగితే, ఆ సమాధానమే కిటికీ ముందు కూడా పనికివస్తుంది. కంఠస్థం చేయవలసిన అవసరముండదు. ఇంట్లో లెక్క కుదరని చదువుకు వీసా రాకపోవడం ఒక్కోసారి నష్టం కాదు, రక్షణ. లెక్క కుదిరిన చదువుకు ఒకసారి నిరాకరణ ఎదురైనా తలుపు మూసుకుపోదు. ఆ తలుపును శాశ్వతంగా మూయగలిగేది అధికారి కాదు, ఫైలులో దాచిన ఒక అబద్ధపు కాగితం.