థ్రెడ్లు పోయిన ఇంజిన్‌కు స్టీలు చుట్ట

ఆర్మూరు దగ్గర 44వ, 63వ జాతీయ రహదారులు కలుస్తాయి. పసుపు సీజన్లో ఆ రోడ్ల మీదా, పెర్కిట్, అంకాపూర్ పొలం బాటల మీదా మోటార్ సైకిళ్లకు తీరిక ఉండదు. ఆ బండ్ల ఇంజిన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు ఒకటి ఉంటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్ని విప్పాలి, మళ్లీ బిగించాలి. బోల్టు స్టీలుది, అది దిగే కేసు అల్యూమినియంది. అరిగేదీ తెగేదీ మెత్తనిదే. ఒకరోజు పానా ఎంత తిప్పినా బోల్టు బిగుసుకోదు, ఊరికే తిరుగుతుంది. బయటికి తీసి చూస్తే దాని గాళ్లలో వెండి రంగు తీగ చుట్టుకుని ఉంటుంది. అది కేసులోంచి ఊడివచ్చిన థ్రెడ్డే.

బోల్టు మోసే బరువు థ్రెడ్లన్నిటి మీదా సమానంగా పడదు. తల దగ్గరి మొదటి చుట్టు ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. అతిగా బిగిస్తే ముందు అది లొంగుతుంది, దాని భారం రెండోదాని మీద పడుతుంది, ఆ తర్వాత మూడోదాని మీద. వంద సీసీ బండ్లలో చాలావాటికి ఈ బోల్టు బిగింపు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. అంటే అడుగు పొడవు పానా చివర పది కిలోల బలం. పానాకు పైపు తొడిగి, ఒంటి బరువంతా వేస్తే ఏ అల్యూమినియం తట్టుకుంటుంది?

బోల్టుకూ రంధ్రానికీ జత కుదరడానికే లోకానికి చాలాకాలం పట్టింది. ఒకప్పుడు ఏ వర్క్‌షాపు థ్రెడ్డు దానిదే. 1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే థ్రెడ్లు కచ్చితంగా కోసే లేతును తీర్చిదిద్దాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో అందరికీ ఒకే కొలత ఉండాలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలను ప్రతిపాదించాడు. మన మెట్రిక్ బోల్టుల కోణం కూడా 60 డిగ్రీలే. మద్రాసులో తయారైన పాత బుల్లెట్ మోటార్ సైకిళ్లలో బ్రిటిష్ థ్రెడ్లుండేవి. లావు సరిపోయింది కదా అని వాటిలో మెట్రిక్ బోల్టు ఎక్కిస్తే రెండు చుట్లు దిగి, ఆపై రంధ్రాన్ని కొరికేస్తుంది.

విమానాల ఇంజిన్లలోకి తేలిక లోహాలు వచ్చాక ఈ తెగుడు సమస్య ముదిరింది. దానికి 1930ల చివర్లో అమెరికాలో దొరికిన మందే హెలికాయిల్. స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగ అది. తీగను అడ్డంగా కోస్తే నలుపలకలుగా కనిపిస్తుంది. బయటి అంచు కేసు థ్రెడ్లో కూర్చుంటుంది, లోపలి అంచు బోల్టుకు కొత్త థ్రెడ్డవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజిన్లకు ఇది బాగా పనికొచ్చింది.

వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. చెడిన రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, చుట్టకోసమే చేసిన ట్యాపుతో కొత్త థ్రెడ్లు కోస్తారు. ట్యాపుకు గ్రీజు రాస్తే రజను దానికే అంటుకుంటుంది, ఇంజిన్లో పడదు. చుట్ట రంధ్రం కంటే కాస్త లావు. దాని కింది కొనను పట్టి బిగువుగా తిప్పుతూ దింపుతారు. వదలగానే అది విచ్చుకుని గోడను పట్టేస్తుంది. చివరికి ఆ కొనను విరిచి బయటికి తీసేయాలి. బాగా వేస్తే ఈ థ్రెడ్డు మొదటిదానికంటే గట్టిది. మాటిమాటికీ విప్పే ఆయిల్ బోల్టుకైతే లేతు మీద తీసిన స్టీలు బుష్షు ఇంకా మేలని నా అభిప్రాయం, చుట్ట ఒక్కోసారి బోల్టుతోపాటే బయటికి వచ్చేస్తుంది గనుక.

థ్రెడ్డు పోతే ఆయిల్ కారుతుంది. అయితే కారిన ప్రతిచోటా తప్పు థ్రెడ్డుదే కాదు. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోతే, ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నెట్టుకొస్తుంది. అప్పుడు కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ కారుతుంది. ముందు ఇంజిన్‌ను శుభ్రంగా తుడిచి, కాసేపు నడిపి, తడి పైన ఎక్కడ మొదలైందో చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కనిపించిన చోటే పుట్టిందనుకోవద్దు.

థ్రెడ్డు పోయిన బోల్టు మీద మెకానిక్ ఎం-సీల్ పూసి పంపిస్తే ఒప్పుకోకండి. మళ్లీ ఆయిల్ మార్చే రోజున దాన్ని పగలగొట్టక తప్పదు. కేసు మార్చాలన్నా తొందరపడకండి, చుట్ట గానీ బుష్షు గానీ వేయగలరా అని అడగండి. ఇక ముందు బోల్టును మొదట చేత్తోనే తిప్పి దింపమనండి, వాషర్ కొత్తది వేయించండి, పానాకు పైపు తొడగనివ్వకండి.