ఉలికి లొంగని గాజు, ఇసుకకు లొంగింది

చైనా రాజముద్రలంటే ముందు గుర్తొచ్చేది జేడ్ రాయి. చియెన్‌లుంగ్ చక్రవర్తి 1746లో ఖరారు చేసిన 25 రాజముద్రల్లో ఎక్కువ దానితో చేసినవే. ఆ కొలువులోనే గాజుకూ పెద్దపీట దక్కింది. బీజింగ్‌లో గాజు కార్ఖానాను 1696లో కాంగ్‌షీ చక్రవర్తి పెట్టించాడు. దగ్గరుండి నడిపినవాడు కిలియన్ స్టుంఫ్ అనే జర్మన్ జెస్యూట్ మతగురువు. కొలిమి విద్యలో యూరప్ పాలు ఉందిగానీ, చెక్కడం మాత్రం జేడ్ పనివాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే.

గాజు మీద చాకు పెడితే జారుతుంది, ఉలి దించితే పగులుతుంది. అందుకే కాలితో తొక్కితే తిరిగే ఇనుప బిళ్ల వాడేవారు. నిజానికి కోసేది బిళ్ల కాదు, దానికి పట్టించిన తడి ఇసుక. మోస్ కొలమానంలో గాజు కాఠిన్యం 5.5 దరిదాపు, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఒక్కో రేణువూ కంటికి కనపడనంత పెచ్చు లేపుతుంది. చెయ్యి కాస్త బరువుగా పడిందా, పగులు సర్రున పారుతుంది. జేడ్‌లో పెనవేసుకున్న సన్నటి పోగులు పగులును ఆపుతాయి. గాజులో ఆ అడ్డు లేదు.

బదులుగా గాజుకో సుగుణం ఉంది: పొరలూ జీరలూ ఉండవు, గీత ఎటు తిప్పినా ఒకే తీరుగా తెగుతుంది. ముద్రలకు కావలసిందే అది. అక్షరం ఎర్రగా పడాలంటే దాన్ని మిట్టగా వదిలి చుట్టూ ఉన్నదంతా అరగదీయాలి, అదీ తిరగేసి. ఇంగిలీకం కలిపిన సిరాలో అద్ది కాగితం మీద ఒత్తితే చిన్న పెచ్చు ఊడినా దొరికిపోతుంది.

రెండు రంగుల పని మరీ కష్టం. తెల్లగాజు మీద ఎర్రగాజు పొర వేసి, బొమ్మ మేరకు ఎరుపు ఉంచి మిగతాది అరగదీస్తారు. చల్లారేటప్పుడు రెండూ సమానంగా కుంచించుకోకపోతే చెక్కకముందే చీలతాయి. 19వ శతాబ్దిలో ముక్కుపొడుం బుడ్ల మీద ముద్రల ఆకారాలనే ఇలా అలంకారంగా చెక్కారు. నా మటుకు ఈ పనితనమంతటికీ శిఖరం ఆ బుడ్లే.

కాంగ్‌షీ కాలపు గాజుకో జబ్బుంది. క్షారం ఎక్కువై సున్నం తక్కువైతే గాలిలోని తేమ క్షారాన్ని బయటికి లాగుతుంది. పైభాగం మసకబారి, సన్నటి బీటలు వారుతుంది. ఆ వస్తువులున్న మ్యూజియం అలమరల్లో అందుకే గాలిని మరీ తేమగానూ మరీ పొడిగానూ ఉండనివ్వరు.