నెత్తురు చెప్పు కబురు

తిరుపతిలో పెద్దప్రేగు కేన్సరు కణితిని తీయించుకొని చిత్తూరు పల్లెకు మరలిన వానికి గండము గడచినట్లే తోచును. వైద్యులు మూడేసి మాసములకు నెత్తురు పరీక్షకు రమ్మందురు. బస్సు చార్జీలు దండుగని మానుకొనువారు కలరు.

1965లో కెనడాలోని మాంట్రియల్ నగరమున గోల్డ్, ఫ్రీడ్‌మన్ అను వైద్యులు ఈ కణితులలో సి.ఇ.ఎ. అను మాంసకృత్తును కనుగొనిరి. గర్భస్థ శిశువు ప్రేగులలో నుండునదే యిది. పెద్దవారి నెత్తుట మిల్లీలీటరునకు సాధారణముగా 5 నానోగ్రాములు మించదు. పొగత్రాగువారిలో కొంత హెచ్చును. కొందరు రోగులలో అసలే హెచ్చదు. కావున రోగనిర్ణయమునకు దీనినొక్కదానిని నమ్మరాదు.

దీని ముఖ్యప్రయోజనము కణితి తీసిన పిమ్మట. హెచ్చియున్నది నెల, నెలన్నరలో దిగవలెను. దిగనిచో వ్యాధి యెచటనో మిగిలియుండవచ్చును. దిగినది మరల ఎక్కుచున్నచో, నొప్పి పుట్టకమునుపే కాలేయమును, ఊపిరితిత్తులను పరీక్షింతురు. వ్యాధి కాలేయమున ఒకటి రెండు చోట్లనే తిరుగబెట్టినచో కోసి తీయుటకు వీలుండవచ్చును. పలుచోట్లకు ప్రాకిన పిమ్మట ఆ వీలు అరుదు.