ముత్యాల దారిలో మేమిద్దరం

నేను బహ్రెయిన్‌లో, మనామాలో ఉంటాను. ఐటీ కన్సల్టెంటుని. కంప్యూటర్ల సంగతి కాకుండా ఇంకేదైనా చెప్పమన్నారు కాబట్టి ధైర్యంగా వచ్చాను.

మన వాళ్ళకి సెలవులు రాగానే యూరప్ గుర్తొస్తుంది. అందులోనూ మొగుడూ పెళ్ళాం ఇద్దరే వెళ్ళేదైతే వెనిస్ అంటారు. నీళ్ళ మీద ఊరు, వీధుల బదులు కాలవలు, ఆటోల బదులు పడవలు. నిజంగా చూడదగ్గ ఊరే. కాకపోతే పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ తాకిడికి తట్టుకోలేక, 2024 నుంచి రద్దీ రోజుల్లో వాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము కూడా తీసుకుంటున్నారు. మేమూ పోయిన డిసెంబరులో వెనిస్ అనే అనుకున్నాం. వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. "సముద్రం మీద ఊరే కావాలంటే పక్కనే ముహర్రఖ్ ఉంది కదండీ, ఎయిర్‌పోర్టు తప్ప అక్కడ మనం చూసిందేముంది?" అంది మా ఆవిడ. అలా ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం.

ఈ పోలిక తమాషాకి తెచ్చింది కాదు. వెనిస్‌ని ఒడ్డుతో కలిపే రైలు వంతెన వచ్చింది 1846లో. అంతవరకూ పడవే గతి. ముహర్రఖ్ కూడా దీవే. మనామాకి వంతెన దారి తెరిచింది 1942లో. రెండూ చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టుకుని వర్తకంతో బతికిన ఊళ్ళు. 16వ శతాబ్దంలో గాస్పరో బాల్బి అనే వెనిస్ నగల వ్యాపారి రత్నాల కోసం గల్ఫ్ మీదుగా మన దేశానికీ, అక్కడి నుంచి బర్మాకీ వెళ్ళి ప్రయాణాల పుస్తకం కూడా రాశాడు. బేరం ఉన్న చోటికి మనిషి ఎంత దూరమైనా వస్తాడు మరి.

ఇక్కడి బేరం ముత్యాలు. ముహర్రఖ్‌లో ఆ పాత ఇళ్ళనీ, కోటనీ, సముద్రంలోని మూడు ముత్యపు చిప్పల మేటల్నీ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని కలుపుతూ ఊళ్ళో సుమారు మూడున్నర కిలోమీటర్ల నడక దారి ఉంది. దారి పొడుగునా స్తంభాల మీద ముత్యాల్లా తెల్లటి గుండ్రటి దీపాలు. అవి చూసుకుంటూ పోతే దారి తప్పే ప్రశ్నే లేదు.

దక్షిణ కొసన బు మాహిర్ కోట దగ్గర మొదలుపెట్టాం. కోట చిన్నదే. అసలు చూడాల్సింది పక్కనున్న ఇసుక ఒడ్డు. ముత్యాల వేటకి పడవలు బయల్దేరింది ఇక్కడి నుంచే. మిగతా తీరమంతా పూడ్చి రోడ్లూ భవనాలూ కట్టేశారు. ఒకప్పుడు నీళ్ళు తాకిన వీధులకి ఇప్పుడు సముద్రం కనబడదు. ఈ బాధనే బహ్రెయిన్ వాళ్ళు 2010లో వెనిస్‌లో జరిగిన ఆర్కిటెక్చర్ ప్రదర్శనకి తీసుకెళ్ళారు. మత్స్యకారుల గుడిసెలు మూడింటిని విప్పి, అక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఉత్తమ దేశంగా బంగారు సింహం బహుమతి వచ్చింది. 2025లో వేడి గురించి చేసిన ఇంకో ప్రదర్శనకి మళ్ళీ వచ్చింది. మేం వెళ్ళలేకపోయిన ఊరికి ఈ గుడిసెలు వెళ్ళొచ్చాయని మా ఆవిడ నవ్వింది.

ఇప్పుడు వేట ఎలా జరిగేదో చెబుతాను, ఇది తెలియకపోతే ఆ ఇళ్ళు ఉత్త గోడలే.

ఎండాకాలం, జూన్ నుంచి నాలుగు నెలలు. పడవ యజమానో, నడిపేవాడో నాఖుదా. నీళ్ళలోకి దిగేవాడు గైస్. అతని తాడు పట్టుకుని పైన నిలబడేవాడు సైబ్. దిగేవాడి ముక్కుకి తాబేటి డిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్పు, వేళ్ళకి తోలు తొడుగులు, మెడలో బుట్ట, కాలికి రాయి. రాయి బరువుతో అడుగుకి పోతాడు, చేతికందిన చిప్పల్ని బుట్టలో వేస్తాడు, ఊపిరి అయిపోతుండగా తాడు లాగుతాడు. పైవాడు ఆ ఒక్క సైగ కోసం చూస్తుండాలి, ఏమరుపాటుగా ఉంటే కింద మనిషి ప్రాణం పోతుంది. ఒక మునక నిమిషం, మహా అయితే ఇంకొంచెం. రోజుకి డజన్ల మునకలు. కడుపు నిండా తింటే దిగలేరు కాబట్టి పగలు నాలుగు ఖర్జూరాలు, కాఫీ, రాత్రి చేపలూ అన్నం. బడలిక తెలియకుండా పాడడానికి పడవలో ప్రత్యేకంగా పాటగాడుండేవాడు. ఆ ఫిజ్రీ పాటల్ని 2021లో యునెస్కో విడిగా గుర్తించింది.

చిప్పల్ని కుప్పగా పోసి మర్నాడు పొద్దున నాఖుదా కళ్ళ ముందు తెరిచేవారు. ఏ ముత్యం ఎవరు తెచ్చిందో ఎవరికీ తెలియదు. దిగినవాడి చేతిలో మిగిలేది ముత్యం కాదు, లెక్కలో వాటా. ఆ లెక్క రాసేది నాఖుదా. దిగేవాడికేమో చదువు రాదు.

అసలు కథ ఈ లెక్కలోనే ఉంది. సీజను మొదలవకముందే ఇంట్లో తిండికని నాఖుదా అడ్వాన్సు ఇచ్చేవాడు. తిరిగొచ్చాక వాటాలోంచి కోత. ముత్యాలు బాగా పడకపోతే అప్పు వచ్చే ఏటికి. అప్పు తీరే దాకా ఇంకో పడవ ఎక్కడానికి లేదు. మనిషి చచ్చిపోతే అప్పు అన్నదమ్ములకో కొడుక్కో వచ్చేది. ఆ అప్పులన్నీ రూపాయల్లోనే. అవును, మన రూపాయలే. గల్ఫ్‌లో చెలామణీ అయ్యేది భారత రూపాయి. 1959లో ఇక్కడి కోసం రిజర్వు బ్యాంకు ప్రత్యేకం నోట్లు కూడా వేసింది, 1965లో గానీ బహ్రెయిన్ దీనారు రాలేదు. 1920లలో ప్రతివాడికీ లెక్కల పుస్తకం ఇవ్వాలనీ, అడ్వాన్సుకి హద్దు పెట్టాలనీ సంస్కరణలు తెచ్చారు. దిగేవాళ్ళు సంతోషించారనుకుంటున్నారా? అడ్వాన్సు తగ్గేసరికి ఇల్లు గడవక 1932లో తిరగబడ్డారు. అప్పు ఇచ్చేవాడు చెడ్డవాడూ, తీసుకునేవాడు అమాయకుడూ అని తేల్చెయ్యడానికి లేదు.

ఈ కథంతా దారిలో ఒక చిన్న టీ కొట్టు ముందు కరక్ చాయ్ తాగుతూ మా ఆవిడకి చెబుతున్నాను. టీ ఇచ్చిన కుర్రాడు "తెలుగోళ్ళా అన్నా?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. కాసేపు విని, "నాది గూడ గదే లెక్క అన్నా. ఏజెంటుకు రెండు లక్షలు గట్టి వచ్చిన. మొదటి రెండేండ్ల జీతం మిత్తికే పోయింది" అన్నాడు. మిత్తి అంటే వడ్డీ. గుంటూరు పిల్ల కదా, మా ఆవిడకి నేనే చెప్పాల్సొచ్చింది. ముత్యాలవాళ్ళ నాఖుదా పడవలోనే ఉండేవాడు, ఇతని నాఖుదా ఊళ్ళో ఉన్నాడు, అంతే తేడా. "ఇప్పుడు తీరింది అక్కా, చెల్లె పెండ్లికి మళ్ళ జేసిన" అంటూ గ్లాసులు తీసుకుపోయాడు. మాకు చాలాసేపు మాటలు రాలేదు.

అక్కడి నుంచి ఇళ్ళు చూసిన తీరే మారిపోయింది. సముద్రపు పగడపు రాయితో కట్టి, సున్నం పూతలా తెల్లటి జిప్సం పూసిన గోడలు. దిగేవాడి ఇల్లు, అల్ గూస్ ఇల్లు, ఇరుకు గది. ఉత్తర కొసన సియాదీ వర్తకుడి మజ్లిస్‌లో చెక్కిన జిప్సం పలకలు, రంగు అద్దాలు. మధ్య దూరం ఒక నడకంతే. బిన్ మతర్ ఇల్లు కూడా ముత్యాల వర్తకుడిదే. పారిస్ నగల కంపెనీ కార్టియర్ కుటుంబంలోని జాక్ కార్టియర్ ముత్యాల కోసం స్వయంగా బహ్రెయిన్ వచ్చింది 1912లో.

మన సంగతికొద్దాం. హైదరాబాదుని ముత్యాల నగరం అంటాం, కానీ హైదరాబాదుకి సముద్రమేదీ? బస్రా ముత్యాలు అని మన అమ్మమ్మలు చెప్పుకున్నవి ఎక్కువగా ఈ గల్ఫ్ నీళ్ళలో దొరికినవే. ఇక్కడి వర్తకులు బొంబాయికి పంపితే, అక్కడ రకాలుగా ఏరి, రంధ్రాలు వేసి, నలుదిక్కులా అమ్మేవారు. నిజాం నగల్లో ఏడు వరసల సత్‌లడా హారంలో 465 బస్రా ముత్యాలున్నాయి. ఆ నగలన్నింటినీ 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకి కొన్నది. ఒక్కొక్క ముత్యం వెనక ఎన్ని మునకలో లెక్కెయ్యమంటే ఏ సాఫ్ట్‌వేరూ వెయ్యలేదు.

ఈ వ్యాపారం కూలడానికి పెద్ద కాలం పట్టలేదు. జపాన్‌లో మికిమోతో 1893లో ముత్యాన్ని పెంచి చూపించాడు. ఆ పెంపుడు ముత్యాలు బజారు నిండాక, 1929 మాంద్యం వచ్చి పడింది. 1932లో ఇక్కడ చమురు పడింది. దిగేవాళ్ళలో చాలామంది చమురు కంపెనీలో కూలీలయ్యారు. మొదటిసారి నెల నెలా జీతం.

బహ్రెయిన్‌లో పెంపుడు ముత్యాల వ్యాపారం ఇప్పటికీ నిషేధం. అందుకే ఒక దుకాణంలో మా ఆవిడ తన పెళ్ళి నాటి దండ, పత్తర్‌గట్టిలో కొన్నది, చూపిస్తే ఆ పెద్దాయన భూతద్దం కూడా తియ్యకుండా "చైనా, మంచినీటి ముత్యం. బాగుంది, వేసుకో అమ్మా" అన్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళు డిసెంబరు నుంచి ఫిబ్రవరిలోపు వెళ్ళండి, మిగతా రోజుల్లో ఎండకి నడవలేరు. ఇళ్ళు తెరిచే వేళలు వేరు వేరుగా ఉంటాయి, ముందే కనుక్కోండి. సందర్శకుల కేంద్రం తప్పకుండా చూడండి. పాత గిడ్డంగుల శిథిలాల మీద ఆకాశమంత కాంక్రీటు పందిరి వేశారు, మధ్యాహ్నం నీడకి అదే దిక్కు. పాత బజారులో ఏలకులూ కుంకుమపువ్వూ వేసిన వేడి హల్వా దొరుకుతుంది. టీ మాత్రం చిన్న కొట్లోనే తాగండి, తెలుగులో పలకరిస్తే ఎవరో ఒకరు పలుకుతారు.