వగరు తెలిసిన నాలుక

ఉగాది పచ్చడిలో మామిడి పిందె పంటికింద పడిన క్షణమున నాలుక అంచులు బిగుసుకొని, చిగుళ్ళు గరగరలాడి, నోరంతయు ఎండినట్లగు ఆ రుచికి మన పెద్దలు సంస్కృతమున కషాయమనియు, తెనుగున వగరనియు పేరు పెట్టి, ఆరు రుచుల పంక్తిలో దానికొక పీట వేసి కూర్చుండబెట్టిరి. పోయిన ఉగాది మరునాడు, దక్షిణ ఆస్ట్రేలియా రాజధానియైన అడిలైడ్ నగరమున మా అబ్బాయి ఇంట, పేర్లు కనబడకుండ వార్తాపత్రిక చుట్టి నిలిపిన ఐదు ద్రాక్షాసవపు సీసాల ముందు కూర్చున్నప్పుడు, ఆ ఒక్క మాట నాకు చేసిన సాయము ఇంతంత కాదు.

మాది బుక్కపట్నము. బుక్కరాయల పేరు మోసిన ఊరు. చిత్రావతి నీరు వచ్చిన ఏడు సముద్రమువలె కనబడి, రాని ఏడు బీటలు వారు పెద్దచెరువు మా ఊరికి గుర్తు. మద్యమను మాటను ఇంట పలుకుటకైన జంకిన కుటుంబములు మావి. మా ఇల్లాలి పుట్టింట సారా చేసిన చేటును నేను కన్నులార చూచితిని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడినారని విన్ననాడు ఆమె ముఖమున కనబడిన వెలుగును నేటికిని మరువలేదు. అందుచేత ఈ వ్యాసము తాగుటను గూర్చినది కాదు. సారా తాగువాడు దానిని నోట నిలుపుకొనడు, గొంతు దాటించుటకే తొందరపడును. నేను వ్రాయబూనినది నోట నిలిపి, నెమ్మదిగ చదివి, పిమ్మట ఉమ్మివేయు విద్యను గూర్చి.

ఆస్ట్రేలియాలో ద్రాక్ష స్వదేశీ మొక్క కాదు. 1788లో తొలి ఓడల సముదాయముతోపాటు సిడ్నీ తీరమునకు తీగలు దిగినవి. 1832లో జేమ్స్ బస్బీ అను ఆయన స్పెయిను, ఫ్రాన్సు దేశముల తోటలు తిరిగి కోసితెచ్చిన ముక్కలతో అచటి సేద్యమునకు నిజమైన పునాది పడెను. అడిలైడ్‌కు ఈశాన్యమున నున్న బరోసా లోయలో 1842 నుండి సైలీషియా ప్రాంతపు జర్మన్ రైతులు కాపురము పెట్టిరి. ఆ మరుసటి యేట వారు నాటిన షిరాజ్ తీగలలో కొన్ని నేటికిని కాపు కాయుచున్నవనగా నేను మొదట నమ్మలేదు. ఐరోపా తోటలను పందొమ్మిదవ శతాబ్దమున మట్టుబెట్టిన వేరుపేను 1877లో విక్టోరియా రాష్ట్రపు గీలాంగ్ వరకు వచ్చియు, దక్షిణ ఆస్ట్రేలియా గడప తొక్కలేకపోయినది. ఆ రాష్ట్రము తీగముక్కల రాకపోకలపై పెట్టిన కఠినమైన కట్టడియే ఆ ముదుసలి తీగలను కాపాడెను. బరోసాకు ఏటా పడు వాన ఐదారు వందల మిల్లీమీటర్లే, మా అనంతపురపు సీమకు పడునంతయే. ఐనను అచట వాన చలికాలమున పడును, తీగ ఆ చలిలో నిద్రించి లేచును. మన దక్కను తీగకు ఆ నిద్ర లేదు గనుకనే మన రైతు ఏడాదికి రెండు మారులు కొమ్మ కత్తిరించి, దానిని తానే నిద్రపుచ్చి తానే లేపవలసి వచ్చుచున్నది. మా చిత్రావతి పుట్టిన చిక్కబళ్ళాపురపు సీమ ద్రాక్షతోటలకు పెట్టినది పేరు. ఆ రైతుల కత్తెర చప్పుడు విన్నవారికి ఈ భేదము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పరీక్ష సంగతి. అబ్బాయి ఒక్కొక్క గ్లాసున ముప్పది మిల్లీలీటర్లకు మించక పోసెను. రంగు చూచుటకు గ్లాసు కింద తెల్లకాగితము, నోరు కడుగుకొనుటకు నీళ్ళు, నాలుక శుభ్రపడుటకు బొరుగులు, ఉమ్ముటకు ఒక స్టీలు గిన్నె. మా తాతల నాటి తాంబూలపు తమ్మపడిగ దాని స్థానమున జ్ఞప్తికి వచ్చెను. ఆస్ట్రేలియా పోటీలలో చిరకాలము నడచిన పద్ధతి ప్రకారము ఇరువది మార్కులు: వర్ణమునకు 3, ఆఘ్రాణమునకు 7, రుచికి 10. పదునైదున్నర వచ్చిన కాంస్యము, పదునేడు వచ్చిన రజతము, పదునెనిమిదిన్నర వచ్చిన స్వర్ణము. ఇపుడు పోటీలు నూటి లెక్కకు మారినవి గాని, ఇంటికి ఇరువదియే మేలని నా అభిప్రాయము. ఎనుబదియేడుకు ఎనుబదియెనిమిదికి నడుమ నున్న తేడాను నిజాయితీతో చెప్పగల నాలుక మా ఇంట లేదు.

మా ఇల్లాలు దూరముగ కూర్చున్నది. "నేను ముట్టను నాయనా. వాసన కావాలంటే చూస్తా" అని కొడుకుతో అన్నది. కోడలు వెంటనే కాగితముపై అత్తగారికొక వరుస గీసి, "అయితే ఏడు మార్కులు నీ చేతిలోనే అత్తా" అనెను.

మొదటి సీసా ఈడెన్ లోయ రీస్లింగ్, పదేండ్ల వయసుది. లేత పసుపు వన్నె. నోట పెట్టుకొనగనే పులుపు సూటిగ వచ్చి, రసమంతయు ఒక్కమారుగ విచ్చుకొనెను. కావ్యపాకములలో ద్రాక్షాపాకమని మనవారు దేనిని అనిరో అదియే ఇది. నాకు అందులో, ఎండిన చెరువు మట్టిపై తొలకరి చినుకు పడినపుడు లేచు కమ్మదనము తోచినది. ఆ వాసనకు ఆంగ్లమున 'పెట్రికోర్' అని పేరు పెట్టినవారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులైన ఇజబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ లేయని, 1964లో ఆ మాట వెలువడినదని తెలిసినపుడు, వాన కొరకు ముఖమెత్తి చూచు రెండు సీమలు ఒకే వాసనను గుర్తుపెట్టుకొనుటలో వింత లేదనిపించెను. మా ఇల్లాలు గ్లాసును ముక్కు దగ్గర పట్టి, "నిమ్మపూలు. దాని ఎనకాల లాంతరు తుడిచేటప్పటి కిరసనాయిలు" అన్నది. వయసు ముదిరిన రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన పుట్టుట రసాయనశాస్త్రము ఒప్పిన సత్యము. ఆమె ఏ గ్రంథమును చూచి చెప్పలేదు, కరెంటు లేని ఇంట పెరిగి చెప్పినది. నా లెక్కలో పదునెనిమిది.

రెండవది సిడ్నీకి ఉత్తరమున నున్న హంటర్ లోయ సెమియాన్. పలుచన, లేతది, ఇంకను తెరచుకొనలేదు. పదునారు ఇచ్చి ముందుకు పోతిమి.

మూడవది బరోసా షిరాజ్. నేరేడుపండు రసమువంటి ముదురు రంగు, గ్లాసు గోడలపై నెమ్మదిగ జారు ధారలు, నోట నిండుదనము, చివర వగరు. "మామా, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టినట్ల లేదూ?" అని కోడలనినది, సరిగ్గ ఆ మాటే. ఆంగ్లేయులు టానిన్ అను దానికి మనకు పసితనము నుండి నాలుకపై నున్న పేరు వగరు. నేరేడు వగరు, కరక్కాయ వగరు, జామపిందె వగరు, ఉసిరి వగరు వేరువేరని మన పిల్లలకును తెలియును. ఇంతలో మా ఇల్లాలు, "మిరియాలు దంచినట్లుందే!" అన్నది. అబ్బాయికిని కోడలికిని అదే తోచినది. నాకు మిరియాల జాడయే లేదు. ఎంత ప్రయత్నించినను లేదు. అడిలైడ్‌లోని ఆస్ట్రేలియా ద్రాక్షాసవ పరిశోధనా సంస్థవారు 2008లో షిరాజ్‌నందలి ఆ మిరియపు వాసనకు కారణము రొటుండోన్ అను పదార్థమనియు, మిరియాలలో నున్నదియు అదే యనియు నిరూపించిరి. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరి ముక్కు దానిని పట్టజాలదనియు తేల్చిరి. డెబ్బదియేండ్లు ఒకే వంటింటి చారు తాగియు, నా భార్యకు అందిన పరిమళము నాకు అందలేదని ఆనాడు తెలిసినది. ఆ తెలివిడి నన్ను చాలసేపు మౌనమున ముంచెను.

నాలుగవది కూనవర్రా కాబర్నే. కూనవర్రా యనునది సున్నపురాతిపై పరచిన ఎర్రమట్టి పట్టీ. పొడవు పదునైదు కిలోమీటర్లకు అటునిటు, వెడల్పు స్వల్పము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో ద్రాక్షరసపు మధువును చెప్పుచు, దానికి కాపిశాయనము, హారహూరకము అని పుట్టిన దేశమును బట్టియే పేర్లు చెప్పెను. మన్ను పేరును సీసాపై వ్రాయుట నిన్నటి సంగతి కాదు. ఇందు మా ఇల్లాలు నీలగిరి తైలము పసిగట్టినది. తోట పక్కన నీలగిరి చెట్లున్నచో ఆ తైలము పండ్లకు అంటుటయు పరీక్షించి చూచిన విషయమే. వగరు గట్టిది. మల్లినాథసూరి భారవి వాక్కును కొబ్బరికాయతో పోల్చినట్లు, పగులగొట్టి తీసుకొనవలసిన రసము. పదునేడున్నర.

మధ్యాహ్నము రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. పులుసు కారము మీద షిరాజ్ మంట రెట్టించెను. పదునాలుగున్నర శాతపు మద్యము కారముతో కూడినపుడు నిప్పే. ఉదయము సన్నగ తోచిన రీస్లింగ్ ఆ కారమును చల్లార్చెను. మన భోజనమునకు ఎర్రది తగదని నేను నిస్సంశయముగ చెప్పుదును.

మన దేశమున ఈ సీసాలు కొనదలచువారికి ఒక మాట. 2022 డిసెంబరు 29 నుండి అమలైన భారత ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందము వలన, ఐదు అమెరికా డాలర్లకు తక్కువ కాని సీసాపై 150 శాతపు సుంకము 100కు, పదునైదు డాలర్లకు తక్కువ కానిదానిపై 75కు తొలుత దిగినది. పదేండ్లలో క్రమముగ 50కు, 25కు దిగవలెను. రాష్ట్రముల పన్నులు దీనికి వేరు.

సాయంకాలము ఐదవ సీసా తెరచితిమి. రూథర్‌గ్లెన్ మస్కట్. తీగపైననే ఎండిన పండ్ల రసమును మద్యసారముతో కలిపి, వేడి కొట్టములలో పీపాలందు ఏండ్ల తరబడి నిలువ చేసినది. కాచిన బెల్లపు పాకము రంగు. పదుగురికి ఒక చిన్న గ్లాసు చాలును. మా ఇల్లాలు చాలసేపు వాసన చూచి, "ఓళిగలకు పూర్ణం ఉడికేటప్పటి వాసన" అని, నిన్నటి ఓళిగలు వెచ్చచేసి నేయి వేసి మా ముందు పెట్టినది. తన వరుసలో ఆఘ్రాణము కింద ఏడుకు ఏడు వేసినది. దాని పక్కన రుచికి కేటాయించిన గడిలో ఐదింటికిని ఐదు అడ్డగీతలు గీసి, కలము కోడలికి తిరిగి ఇచ్చినది.