కుదురులేని పిల్లలు: అల్లరి ఏది, అవస్థ ఏది?

"మావాడు క్షణం కుదురుగా ఉండడు. బడిలో దెబ్బలే, ఇంట్లో దెబ్బలే. బుద్ధి నిలిచే లేహ్యమేదైనా ఇవ్వండి." నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుంచి నా వద్దకు వచ్చే తల్లులు తరచు అడిగే మాట ఇది. పొగరని తండ్రి, గాలి సోకిందని అవ్వ అంటూ ఉంటారు. అన్ని వేళలా ఈ రెండూ నిజం కావు.

ఈ స్థితిని ఆధునికులు ఏ.డి.హెచ్.డి. అంటారు. ఏకాగ్రతాలోపం, అతిచాంచల్యం దీని లక్షణాలు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు ఇటువంటి పిల్లలను గురించి ఉపన్యసించాడు. మెదడు ఎదుగుదలలోని భేదం దీనికి మూలం. వంశపారంపర్యం ప్రధాన కారణం. పెంపకలోపం వల్ల పుట్టేది కాదు.

మన సంహితలలో ఈ పేరుగల వ్యాధి లేదు. అయితే ధీ, ధృతి, స్మృతి అని మూడు శక్తులను చెప్పారు. పరుగెత్తే మనస్సును పట్టి నిలిపేది ధృతి. ఈ పిల్లలలో తెలివి కొరవడదు, ధృతి నిలువదు. ఆళ్లగడ్డలో శిల్పి ఉలి చెక్కుతుంటే గంటసేపు కదలక చూసే బాలుడు తరగతిలో పది నిమిషాలు కూర్చోలేకపోవచ్చు. అది మొండితనం కాదు.

అల్లరి పిల్లలందరికీ ఈ అవస్థ ఉన్నట్లు కాదు. లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడాలి. 6 నెలలకు తగ్గక ఉండాలి. ఇంటా బడిలోనూ వయస్సుకు మించి బాధించాలి. కొందరు పిల్లలు, విశేషించి ఆడపిల్లలు, అల్లరి చేయక పరధ్యానంగా ఉండి ఎవరి దృష్టికీ రారు. వినికిడి, చూపు, రక్తహీనత, నిద్రలేమి దోషాలున్నా ఏకాగ్రత చెడుతుంది కనుక ముందు వాటిని పరీక్షింపజేయాలి.

ఇంట్లో చేయదగినవి: నిద్రకు, భోజనానికి నియత వేళ. వారానికి రెండుమార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం. ఇది నిద్రకు సాయపడుతుంది. ఒకసారి ఒకే పని చెప్పాలి. పావుగంట చదువు, పిదప కొంత ఆట. చేసిన పనిని వెంటనే మెచ్చుకోవాలి. దండన తగదు, 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో దానిని నిషేధించింది.

సరస్వతి ఆకు, బ్రాహ్మి మేధ్య ద్రవ్యాలే. కాని ఇవి ఈ అవస్థను నయం చేస్తాయని నేను చెప్పను. మాటలు రావాలని పసివారికి వస అరగదీసి పోసే అలవాటు మనకుంది. మోతాదు మించితే వాంతులవుతాయి. పాదరసం, సీసం కలిసిన మందులు పిల్లలకు సొంతంగా వేయరాదు.

ఒక తల్లి, కర్నూలులో వ్రాసిన మాత్రలు మాన్పించి నా మందు వేయమని కోరింది. నేను అంగీకరించలేదు. బిడ్డకు గుణమిస్తున్న మందును వ్రాసిన వైద్యుని అడగక ఆపకూడదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే స్థితులలో ఇదీ ఉంది. బడికి వచ్చే ఆ వైద్యబృందానికి చూపండి. లేదా నంద్యాల ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వైద్యుని, అవసరమైతే కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యుని సంప్రదించండి. బెత్తం తీయకముందే ఆ పని చేయడం బిడ్డకు మేలు.